బెల్లం గోదాములో బ్యాండు మేళం

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. ఒక బ్యాండు మేళం వాయిద్యాలన్నీ బెల్లం గోదాములో పెట్టించి, తాళం వేసి, తాళంచెవి నా చొక్కా జేబులో ఉంచుకున్నాను. వాళ్లకు పెళ్లి ఉన్న పూట, మేళం పెద్దమనిషి ఎర్రకోటు తొడుక్కుని నా ఎదుట నిలబడి బతిమాలినా ఆ తాళం తీయలేదు.

ఎవరైనా వింటే, బాకీ కట్టలేదేమో, అందుకే పట్టుకొచ్చి ఉంటారు అనుకుంటారు. అదేం కాదు. ఆయన బాకీ ఒక్కటీ లేదు. ఆ వాయిద్యాలు గోదాములోకి ఎలా వచ్చాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

రెండువేల దశకం మధ్యలో నేను అనకాపల్లిలో ఒక బ్యాంకు శాఖలో ఫీల్డాఫీసర్ని. పేరుకు ఫీల్డాఫీసర్నే గానీ, ఎనిమిదేళ్లు నేను చేసింది బెల్లం పని. వర్తకుడు బెల్లం తెచ్చి గోదాములో పెడతాడు. నేను వెళ్లి దిమ్మలు లెక్కపెడతాను, రంగు చూస్తాను, చెమ్మ చూస్తాను, చీమలున్నాయా అని కింద పలకల మధ్య టార్చి వేసి చూస్తాను. తలుపుకు బ్యాంకు తాళం వేసి వచ్చేస్తాను. ధర పెరిగాక వర్తకుడు బాకీ కట్టి బెల్లం విడిపించుకుంటాడు. ఎనిమిదేళ్లలో నా చేతికి ఆ అలవాటు ఎంత పట్టిందంటే, ఇంట్లో పచారీ అలమరకు కూడా సాయంత్రం తాళం వేసి తిరిగి లాగి చూసేవాణ్ణి. మా ఆవిడ దాని మీద ఏమనేదో ఇక్కడ రాయను.

ఆ ఏడాది పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. భూమి, ఇల్లు లేనివాళ్లకు కూడా వాళ్ల దగ్గరున్న సామాను మీద అప్పులివ్వాలని, ప్రతి శాఖ కనీసం ఒక కొత్తరకం సామాను మీద ఇచ్చి చూపించాలని దాని సారాంశం. ప్రపంచమంతా ఈ పద్ధతిలోకి మారుతోందని, ఇందుకోసం చాలా దేశాల్లో చట్టాలు తిరగరాస్తున్నారని కూడా అందులో రాశారు. మా మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి, నా బల్ల మీద పడేసి, "ఏదో ఒకటి చెయ్యవయ్యా" అన్నారు.

సరిగ్గా ఆ వారంలోనే బ్యాండు మాస్టారు వచ్చాడు. మా బ్యాంకు వెనకవీధి చర్చిలో క్లారినెట్ వాయించే మనిషి. యాభై దాటిన వయసు, నాకన్నా పదేళ్లు పెద్ద. అయినా నేను ఆయన్ని నువ్వు అనేవాణ్ణి. అప్పు కోసం వచ్చినవాళ్లను అలా అనడం నాకు తప్పుగా తోచేది కాదు.

"వందనాలండి బాబూ. కొత్త బాకాలు కొనాలండి. పాతవి సొట్టలుపడి దగ్గుతన్నాయి. ఊదితే వాయింపు కన్నా గాలి ఎక్కువొత్తంది" అన్నాడు.

"పొలం ఉందా?"

"లేదండి."

"ఇల్లు?"

"ఉందండి. ఇల్లు నాదే, దాని కింద జాగా మాత్రం చర్చి మిషన్ వాళ్లదండి."

"మరి దేని మీద ఇమ్మంటావు?"

"ఆ కొనే బాకాల మీదే ఇవ్వండి బాబూ. ఆటోలకిత్తన్నారు కదా? వెనకాల బ్యాంకు పేరు రాసుకుని తిరుగుతన్నాయి. నేనూ డ్రమ్ము మీద రాయించుకుంటాను."

ఆయన చెప్పిందే సరైన పద్ధతి. ఆటో కొన్నవాడి చేతిలోనే ఆటో ఉంటుంది. తోలుకుని సంపాదించుకుంటాడు, దాని మీద హక్కు మాత్రం కాగితం మీద మాది. ఆ కాగితం రవాణా ఆఫీసు రిజిస్టర్లో ఎక్కుతుంది కాబట్టి అదే ఆటోను ఇంకో బ్యాంకుకు చూపించి అప్పు తెచ్చుకోలేడు. కానీ బాకాలకు రిజిస్టరు ఏ ఆఫీసులోనూ లేదు. మా మేనేజరు భయం అదే. "అదే డ్రమ్ము నాలుగు బ్యాంకుల్లో చూపిస్తే? మోగేది ఒకటే అయినా అప్పులు నాలుగవుతాయి" అన్నారు. దానికితోడు ఆటోలకు వాడే ఫారాలు అయిపోయి రెండు నెలలైంది. ఇండెంటు పెట్టాం, రాలేదు.

నా దగ్గర బెల్లం ఫారాలు బోలెడున్నాయి.

ఆ ఫారం నింపుతున్నప్పుడు నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే వస్తుంది, వెంటనే సిగ్గు కూడా వస్తుంది. సరుకు అన్నచోట బ్యాండు మేళం అని రాశాను. దిమ్మల సంఖ్య దగ్గర పదకొండు. మూడు ట్రంపెట్లు, రెండు క్లారినెట్లు, రెండు పెద్ద బాకాలు, మూడు చిన్న డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము. రంగు: బంగారు వన్నె. చెమ్మ: లేదు. చీమల బెడద: లేదు. మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని అంతా చూసి, "ఇది బెల్లం కాయితం లాగుందండీ" అన్నాడు. "మామూలేలే, సంతకం పెట్టు" అన్నాను. పెట్టాడు.

ఆ ఫారం రెండో పేజీలో, సరుకు బ్యాంకు తాళం కింద ఉండాలని ఉంది. నేను అది చదవక్కర్లేదు. కంఠతా వచ్చు. కొత్త వాయిద్యాలు లారీలో దిగిన రోజునే గోదాములో బెల్లం దిమ్మల మధ్య ఒక బల్ల వేయించి, దాని మీద పదకొండింటినీ వరసగా పేర్పించి తాళం వేశాను. మాస్టారు తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. పక్కన బస్తాలు మోస్తున్న కళాసీ ఒకడు, "ఏటి మావా, నీ బాకాకి బెయిలెప్పుడు?" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

పెళ్లి ఉన్నప్పుడల్లా ఆయన పొద్దున్నే వచ్చేవాడు. నేను తాళం తీసి ఇచ్చేవాణ్ణి, సాయంత్రం తెచ్చి పెట్టేవాడు. కానీ రికార్డులో ఏదో ఒకటి రాయాలి కదా. బెల్లం ఫారంలో బాకీ కట్టకుండా సరుకు బయటికి తీయడానికి ఒక్కటే దారి ఉంది, చెమ్మ పట్టిన దిమ్మల్ని ఎండబెట్టడం. కాబట్టి ప్రతి పెళ్లికీ నేను "ఎండబెట్టుటకు తాత్కాలిక విడుదల" అని రాసేవాణ్ణి. మా రికార్డు చూసినవాళ్లకు, అనకాపల్లిలో ఒక బ్యాండు ఊరికే చెమ్మపట్టి, వారం వారం ఎండలో ఆరుతోందని అర్థమవుతుంది.

సాధనకు మాత్రం ఇవ్వలేదు. ఎండబెట్టడానికి కూడా ఒక హద్దుండాలి కదా అన్నాను. వాళ్లేం చేశారంటే, సాయంత్రాలు గోదాము అరుగు మీద కూర్చుని నోటితో సాధన చేశారు. ట్రంపెట్ల వాళ్లు పెదాలు బిగించి పాం పాం అనేవాళ్లు, పెద్ద బాకా మనిషి బుగ్గలు పూరించి భోం భోం అనేవాడు, డ్రమ్ముల వాళ్లు తొడల మీద దరువు వేసేవాళ్లు. మాస్టారు వేలు ఊపుతూ మధ్యలో ఆపి, "నీ సుతి తగ్గిందిరా" అని తిట్టేవాడు. నోటి బాకా శ్రుతి తగ్గడమేమిటో నాకు తెలియదు. దారిన పోయేవాళ్లు నిలబడి చూసేవాళ్లు. ఇదంతా నా కళ్లముందే జరిగింది. వాళ్లకి ఓపిక చాలా ఉందే అనుకున్నాను తప్ప, తాళంచెవి నా జేబులోనే ఉందన్న సంగతి తట్టలేదు.

మాఘమాసంలో పైనుంచి ఫోను వచ్చింది. సామాను మీద అప్పుల చట్టాల్ని బాగుచేసే పని మీద ఏదో అంతర్జాతీయ సంస్థ తరఫున ఒకావిడ తిరుగుతోందని, కొత్తరకం అప్పు ఒకటి చూస్తుందని, మన బ్యాండు చూపించమని. మేనేజరు నాతో "చూపించు" అన్నారు. అంతే అన్నారు. ఆ రోజు సరుకు కదలకూడదని ఆయన అనలేదు, నేనే అనుకున్నాను. ఆవిడ వచ్చేసరికి తాళం వేసిన తలుపు, నేను తీయగానే లోపల వరసగా పదకొండు మెరుపులు. ఆ దృశ్యం నాకు చాలా నచ్చింది. దాని వెనకాల ప్రమోషను కూడా కొంచెం కనిపించింది.

ఆ రోజు ఉదయం ఎనిమిదికి మాస్టారు వేను కట్టించుకుని వచ్చాడు. పదిమంది ఎర్రకోట్ల వాళ్లు అందులో కూర్చుని ఉన్నారు.

"తాళం తియ్యండి బాబూ. రావికమతం దాటి ఎల్లాలి. చెరుకు రైతు ఇంట పెళ్లండి, పెద్ద బలగం."

"ఈవేళ కుదరదు. ఫారిన్ ఆవిడొస్తోంది. సరుకు కదలకూడదు."

"సరుకేటండీ? అది బేండు. పెళ్లికాడ మోగాల."

"పదిన్నరకి వచ్చి చూసి వెళ్లిపోతారు. అప్పుడు పట్టుకెళ్లు."

"పదకొండుకి పెళ్లికొడుకు విడిదిలోంచి బయల్దేరతాడండి. ఆడు మూర్తం సూసి బయల్దేరతాడు గానీ మీ ఆవిడ్ని సూసి కాదు." అని వెంటనే నాలిక కరుచుకుని, "మీ ఆవిడంటే ఇంటావిడ కాదండి, ఆ దొరసాని" అన్నాడు.

వేనులోంచి నవ్వులు. నాకు కోపం వచ్చింది. "నువ్వెన్ని చెప్పినా తీసేది లేదు" అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "బాబూ, ఈ పెళ్లి చెడితే ఆ పక్క ఊళ్లన్నీ పోతాయండి. ఆళ్లంతా సుట్టాలే. నా వాళ్లలో సగం మంది ఇప్పటికే విశాఖపట్నం పార్టీల్లోకి పోతామంటన్నారు. మేళం నిలబడదు."

అంత వివరంగా చెప్పాడు. నాకు అర్థం కాలేదనడానికి వీల్లేదు. అర్థమైంది. అయినా గడియారం చూసుకుని, "పదిన్నర ఎంతలోకొస్తుంది" అన్నాను.

ఆయన తన పదిమందినీ వేనులో అలాగే పంపేశాడు. "ముందు ఎల్లి ఆళ్లకి కనబడండి. కోట్లు సూత్తే బేండొచ్చిందని నమ్ముతారు. నేను ఎనకాల బాకాలేసుకుని వత్తాను" అన్నాడు. తను బెల్లం బస్తా మీద కూర్చున్నాడు.

పదిన్నరకు ఎవరూ రాలేదు. మార్కెట్టుకు వచ్చే బళ్లతో రోడ్డు నిండిపోయి ఆవిడ కారు ఇరుక్కుంది. పదకొండూ పదికి దిగింది. తెల్లజుట్టు, నూలు చీర, కాళ్లకు బూట్లు. వెంట తెలుగు చెప్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన లాయరు. నేను తాళం తీశాను. దృశ్యం నేను అనుకున్నట్టే ఉంది. బెల్లం కొండల మధ్య ఇత్తడి ధగధగ. ఆవిడ బల్ల చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. మెచ్చుకుంటోందనుకున్నాను.

"ఇవి ఎవరివి?" అని లాయరు చేత అడిగించింది.

"ఇతనివి" అని మాస్టారిని చూపించాను.

"ఈయన ఏం పని చేస్తారు?"

"బ్యాండు వాయిస్తాడు."

"వేటితో?"

"వీటితోనే."

"ఎప్పుడు?"

దీనికి మాస్టారే జవాబు చెప్పాడు. "ఇప్పుడండి. రావికమతం అవతల. పదినిమిషాల కిందట మొదలెట్టుండాలండి."

లాయరు అది చెప్పడం పూర్తిచేసేసరికి ఆవిడ ముఖం మారింది. నేను కంగారుపడి రికార్డు చేతికిచ్చాను. లాయరు చదివి, ఒక దగ్గర ఆగి, నావైపు చూసి, మళ్లీ చదివి, "మేడమ్ అడుగుతున్నారు, ఈ బ్యాండును అన్నిసార్లు ఎందుకు ఎండబెట్టారని" అన్నాడు.

నేను బెల్లం ఫారం గురించి చెప్పడం మొదలుపెట్టాను. చెప్పేకొద్దీ ఆ మాటలు నాకే వినబడసాగాయి. ఆవిడ కోప్పడలేదు. నెమ్మదిగా చెప్పింది: మనిషి చేతిలో వస్తువు ఉండాలి, దానితో అతను పనిచేసుకోవాలి, బ్యాంకు హక్కు మాత్రం నలుగురూ చూసుకునే ఒక పుస్తకంలో ఉండాలి, తాను దేశాలు తిరిగేది దీనికోసమేనని. మీరు ఇక్కడ సరిగ్గా దాన్ని తిరగేసి చూపించారని.

తర్వాత ఒకసారి వాయించి చూపమంది. మాస్టారు క్లారినెట్ ఎత్తి ఊదాడు. శబ్దం రాలేదు. గట్టిగా ఊదాడు. పీక్ మని ఒక కూత, దానితోపాటు గుంటల్లోంచి నల్లచీమలు బారుగా బయటికి వచ్చి ఆయన వేళ్ల మీదికి నడిచాయి. ట్రంపెట్ మీట నొక్కితే కిందికి వెళ్లింది, పైకి రాలేదు. పుష్యమాసమంతా పెళ్లిళ్లు లేక కదలకుండా ఉన్నవాటికి బెల్లం చెమ్మ పట్టేసింది. మాస్టారు చీమల్ని ఊదుకుంటూ, ఎవరితోనూ కాకుండా, "బెడద లేదని రాసేరు" అన్నాడు.

విడుదల కాగితం మీద మేనేజరు సంతకం కావాలి. ఆయన ఆవిడ కోసం కొబ్బరిబొండాలు ఏర్పాటు చేయిస్తూ ఎక్కడో ఉన్నారు. నేను కాగితం రాయలేదు. ఆ ఎనిమిదేళ్లలో కాగితం లేకుండా గోదాములోంచి సరుకు తీయడం అదే మొదలు. బెల్లం వేసుకొచ్చిన ట్రాలీ ఆటో ఒకటి ఉంటే దాన్ని పిలిచి, పదకొండింటినీ ఎక్కించి, మాస్టారితోపాటు నేనూ వెనకాల ఎక్కాను. దారి పొడవునా ఆయన నీళ్ల సీసాతో మీటలు కడుగుతూనే ఉన్నాడు.

మేము చేరేసరికి ఒంటిగంట దాటింది. తలంబ్రాలు కూడా అయిపోయాయి. ఏం జరిగిందో పందిట్లో అందరూ ఒకేసారి చెప్పారు. పెళ్లికొడుకు బయల్దేరే వేళయింది, బ్యాండు లేదు, కోట్లున్నాయి. మౌనంగా నడిపించడం అశుభమని పెద్దలన్నారు. అప్పుడు ఆ పదిమందీ ముఖాలు చూసుకుని, గోదాము అరుగు మీద నెలల తరబడి చేసిందే చేశారు. విడిది నుంచి పందిరి దాకా ఊరేగింపంతా నోటితో వాయించారు. పాం పాం, భోం భోం, ఒక్క తప్పు లేకుండా. పిల్లలు ఎగిరారు. ముసలమ్మలు నోళ్లకు కొంగులు అడ్డుపెట్టుకున్నారు. పెళ్లికొడుకు కూడా నవ్వాడట.

నవ్వనిది ఒక్క పెళ్లికూతురి తండ్రి, ఆ చెరుకు రైతే. ఆయన మాస్టారి మీదికి వచ్చాడు. "బేండుకి పిలిత్తే బొమ్మలాట తెచ్చేవేటి? వియ్యాలోరి ముందు నా మొహం ఏటైపోయిందో తెలుసా? ఈ సుట్టుపక్కల ఇంక నీ కోటు కనబడితే ఒట్టు."

మాస్టారు తల దించుకున్నాడు. నా వైపు చెయ్యి చూపించలేదు. చూపిస్తే నాకు తేలికగా ఉండేది.

నేను ముందుకెళ్లి చెప్పాను. "ఆయన తప్పేం లేదండీ. పొద్దున్న ఎనిమిదికే వచ్చాడు. తాళం నేనే తీయలేదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన బెల్లం కూడా మా మార్కెట్టుకే వస్తుంది. "నువ్వు గోదాం ఆఫీసరువి కాదేటి? బేండుకి నీ తాళమేటి?"

"బెల్లం అనుకున్నానండీ" అన్నాను. అంతకన్నా నిజమైన జవాబు నా దగ్గర లేదు.

పందిరంతా ఘొల్లుమంది. ఆయన మాత్రం ఇంకా నవ్వలేదు. సాయంత్రం పిల్లను అత్తారింటికి పంపే ఊరేగింపు ఉందని, దానికైనా నిజం బ్యాండు మోగాలని అన్నాడు. పెద్ద డ్రమ్ము వాయించే మనిషి అప్పటికే అవమానంతో కోటు విప్పేసి బస్సెక్కి వెళ్లిపోయాడు. రైతు ఆ కోటు తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు మొయ్యి. ముందర నడు. ఎవడి మూలాన ఇలగైందో ఊరు సూడాల."

కోటు నాకు బిగుతు. బొత్తాలు పట్టలేదు. లోపల టై అలాగే ఉంది. డ్రమ్ము మెడకు తగిలించుకుని మేళానికి ముందు నడిచాను. మాస్టారు క్లారినెట్ ఊదుతూనే, నేను దరువు తప్పినప్పుడల్లా కళ్లెర్రచేసి మోకాలితో లెక్క చూపించాడు. నేను మొదటినుంచి చివరిదాకా తప్పుతూనే ఉన్నాను. అరుగుల మీద నుంచి, "తాళం బాబు! తాళం బాబు!" అని పిలిచారు. ఆ పేరు అనకాపల్లి మార్కెట్టు దాకా వచ్చింది. చాలాకాలం పోలేదు.

మర్నాడు మేనేజరుకు జరిగింది రాసిచ్చాను. కాగితం లేకుండా సరుకు వదిలినందుకు మందలింపు వచ్చింది, ప్రమోషను వెనక్కిపోయింది. ఆటోలకు వాడే ఫారం రెండు పేజీలు నేనే చేత్తో రాసి, వాయిద్యాలు ఆయన దగ్గరే ఉండేలా మార్చి సంతకాలు చేయించాను. నాలుగు బ్యాంకుల భయం ఉంది కదా, దానికి ఒక వందపేజీల నోటుబుక్కు కొని, మొదటి పేజీలో ఆ పదకొండు వస్తువుల పేర్లు, వాటి మీద మా హక్కు రాసి, మా కౌంటరు మీద దారం కట్టి పెట్టాను, ఎవరైనా చూసుకోవచ్చని. ఆ జాబితా పట్టుకుని ఊళ్లో మిగతా బ్యాంకులకు నడిచి వెళ్లి చెప్పి వచ్చాను. ఒక్కొక్కరూ ముందు నవ్వారు, తర్వాత రాసుకున్నారు.

ఆ ఆదివారం చర్చి వదిలే వేళకు వేడినీళ్ల బకెట్టు, పాత పళ్లబ్రష్షులు పట్టుకుని మాస్టారింటికి వెళ్లాను. "మాస్టారూ, మీరు విప్పి ఇవ్వండి, నేను కడుగుతాను" అన్నాను. మీరు అనడం ఆయన గమనించాడో లేదో తెలియదు. ఒక్కొక్క మీటా విప్పి పళ్లెంలో పెట్టాడు. సాయంత్రం దాకా బెల్లం గీకాను.

తర్వాత ఆ రైతు ఊరికి మూడుసార్లు వెళ్లాను. రెండుసార్లు చెరుకుతోటలోంచి బయటికే రాలేదు. మూడోసారి, ఆయన తమ్ముడి కూతురికి పెళ్లి కుదిరిందని విని వెళ్లాను. ఆయన చెరుకు గడ చెక్కడం ముగించి అన్నాడు: "సరే, ఆ మాస్టారినే పిలుత్తాను. నోటితో అంత సుద్ధంగా వాయించినోళ్లు బాకాలతో ఎలా వాయిత్తారో సూడాలనుంది. ఒక్కటే షరతు. నువ్వు రాకు."

వెళ్లలేదు. ఆ పెళ్లి రోజున గోదాములో దిమ్మలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఎనిమిదింటికి వేను గోదాము ముందునుంచే వెళ్లింది. పదకొండు ఎర్రకోట్లు ఉన్నాయి, పెద్ద డ్రమ్ము పైన కట్టి ఉంది. దాని మీద మా బ్యాంకు పేరు రాయించుకుని ఉన్నాడు.